కుర్చీ ఎక్కిన పిక్‌విక్: ఒక పాత ఎచింగ్‌లో మూడ్, కూర్పు

(చిత్రకళ విద్యార్థులకీ, బొమ్మలు చూడటం ఇష్టమున్నవాళ్లకీ ఇచ్చిన ప్రసంగానికి రాతరూపం)

నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. తెర మీద ఇంత పెద్దగా కనిపిస్తున్నా, అసలు బొమ్మ అరచేతిలో పట్టేంతే ఉంటుంది. దాన్ని గీసినవాడు పుస్తకం చేతిలో పట్టుకుని చూసే మనిషి కోసం గీశాడు. గోడకి తగిలించడానికి గీసింది కాదు. ఆ సంగతి మర్చిపోతే ముందే తప్పుదారి పడతాం.

1836 మార్చి 31న లండన్‌లో చాప్‌మన్ అండ్ హాల్ అనే ప్రచురణకర్తలు ఆకుపచ్చ అట్టతో ఒక పలచటి సంచిక విడుదల చేశారు. వెల ఒక షిల్లింగు. లోపల ఇరవై పైచిలుకు పేజీల కథ, నాలుగు ఎచింగులు, అంటే లోహపు రేకుని యాసిడ్ చేత తినిపించి అచ్చువేసిన బొమ్మలు. తెర మీదున్నది వాటిలో ఒకటి. అది నెలనెలా వచ్చే ‘పిక్‌విక్ పేపర్స్’ నవలలో మొదటి భాగం. రాసింది 24 ఏళ్ల చార్లెస్ డికెన్స్, బొమ్మలు వేసింది రాబర్ట్ సీమోర్. అప్పటికి పేరున్నది సీమోర్‌కి. ఈ ఆలోచన మొదలైందే సీమోర్ దగ్గర. పట్నం మనుషులు వేటకీ చేపలకీ వెళ్లి నవ్వులపాలయ్యే బొమ్మలు తను గీస్తాడు, వాటి మధ్య ఎవరో ఒకరు కాస్త కథ రాస్తారు అన్నది అతని లెక్క. డికెన్స్ ఆ లెక్క తిరగేశాడు.

ఇందులో మనకి పనికొచ్చే వివరం ఒకటుంది. ఆ సంచికల్లో బొమ్మలన్నిటినీ కథకి ముందే పెట్టి కుట్టేవారు. తొలి ముద్రణల్లో బొమ్మ కింద పేరు కూడా ఉండదు, ఏ పేజీకి చెందిందో చెప్పే అంకె మాత్రమే. అంటే పాఠకుడు ఒక్క వాక్యం కూడా చదవకముందే ఈ బొమ్మ చూసేవాడు. ఎవరో కుర్చీ మీద నిలబడ్డాడు, చుట్టూ కొందరు కూర్చున్నారు, ఏదో మాట నడుస్తోంది. ఏం మాట? తెలీదు. అయినా ఇది నవ్వొచ్చే వ్యవహారమని తెలిసిపోతుంది. ఎలా తెలుస్తోంది అన్నదే ఇవాళ్టి విషయం.

ముందు కూర్పు చూద్దాం. బల్ల. దాని చుట్టూ పిక్‌విక్ క్లబ్బు సభ్యులు కూర్చుని ఉన్నారు, తలలన్నీ ఇంచుమించు ఒక మట్టంలో. ఆ మట్టాన్ని చీల్చుకుని పైకి లేచిన నిలువు ఒక్కటే, కథానాయకుడు మిస్టర్ పిక్‌విక్. బట్టతల, కళ్లద్దాలు, గుండ్రటి పొట్ట, బిగుతు లాగు, కాళ్లకి గెయిటర్లు (బూటు పైనుంచి పిక్కల మీదికి తొడిగే పట్టీలు). ఒక చెయ్యి కోటు తోకల కింద వెనక్కి దాచాడు, ఇంకో చెయ్యి గాల్లో ఊపుతున్నాడు. పార్లమెంటు వక్తల బొమ్మల్లో, కూడళ్లలోని విగ్రహాల్లో కనిపించే భంగిమే ఇది. ఒక్కణ్ణి పైన పెట్టి మిగతావాళ్లని చుట్టూ కింద కూర్చోబెడితే, చూసేవాడు అడక్కుండానే గౌరవం పుడుతుంది.

ఆ గౌరవాన్ని సీమోర్ ఎక్కడ పడగొట్టాడో చూడండి. వేదిక ఉండాల్సిన చోట కుర్చీ ఉంది. చేత్తో పక్కకి లాగిపారేసే మామూలు విండ్సర్ కుర్చీ. అందులోనూ మనిషి దాని మీదికెక్కేసరికి బల్ల చాటున దాగాల్సిన కాళ్లు బయటపడ్డాయి. డికెన్స్ కూడా సరిగ్గా ఇదే పట్టుకున్నాడు. ఆ లాగూ గెయిటర్లూ మామూలు మనిషి వేసుకుంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు, పిక్‌విక్ వేసుకున్నాడు కాబట్టి భక్తి పుట్టించాయి అని రాశాడు. కుర్చీ ఒక్కటే, పనులు రెండు. మనిషిని పెద్దవాణ్ణి చేసేదీ అదే, నవ్వులపాలు చేసేదీ అదే.

ఇక ఆ మనిషి ఆకారం. సీమోర్ మొదటి స్కెచ్‌లో పిక్‌విక్ పొడుగ్గా, సన్నగా ఉన్నాడట. రిచ్‌మండ్‌లో తనకి తెలిసిన లావుపాటి పెద్దమనిషి ఒకాయన రూపురేఖలు చెప్పి మార్పించానని ప్రచురణకర్త ఎడ్వర్డ్ చాప్‌మన్ తర్వాత చెప్పాడు. ఇది చిన్న మార్పేం కాదు. సన్నటి మనిషిని కుర్చీ ఎక్కించి చెయ్యి ఊపిస్తే కోపం కనిపిస్తుంది, పంతం కనిపిస్తుంది, ఇంకాస్త పోతే పిచ్చి కనిపిస్తుంది. గుండ్రటి మనిషి చేత అదే పని చేయిస్తే తన మీద తనకున్న సంతృప్తి కనిపిస్తుంది. కావాలంటే ఇంటికెళ్లి నాలుగు గీతల్లో గీసి చూడండి. చెయ్యి కోణం మార్చొద్దు, పొట్ట ఒక్కటే తీసెయ్యండి. బొమ్మ మూడ్ అక్కడికక్కడే తిరగబడుతుంది.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట. ఇలాంటి బొమ్మ ఎదురుపడగానే మన కన్ను మాట్లాడేవాడి మీదికి పోతుంది. పోనివ్వండి. కానీ మూడ్ తేల్చేది మాత్రం వినేవాళ్లు. మాట్లాడేవాడి ముఖంలో ఉండేది అతను తన గురించి తను ఏమనుకుంటున్నాడన్నదే. ఆ మాటకి ఎంత విలువుందన్నది వినేవాళ్ల వంపులో, చేతుల్లో, మెడల్లో ఉంటుంది.

పద్ధతి చెప్తాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. బొటనవేలితో పిక్‌విక్‌ని కప్పెయ్యండి. మిగిలినవాళ్లని ఒక్కొక్కరినే చూడండి. ప్రతి మనిషి దగ్గరా మూడు దిక్కులు గుర్తుపెట్టుకోవాలి: మొండెం ఎటుంది, ముఖం ఎటుంది, చేతులు ఏం చేస్తున్నాయి. మూడూ వక్త వైపే ఉంటే అతను లీనమైపోయాడు. ముఖం అటు, మొండెం ఇటు అయితే మర్యాదకి వింటున్నాడు. ముఖమూ మొండెమూ సరిగ్గానే ఉన్నా చెయ్యి గ్లాసు మీదో పైపు మీదో ఉంటే సగం మనసే ఇక్కడుంది. ట్రేసింగ్ కాగితం వేసి ఒక్కో ముక్కు నుంచి ఒక్కో బాణం గీయండి. బాణాలన్నీ ఒకచోట కలిస్తే అది సభ. కలవకుండా చెదిరిపోతే అది కాలక్షేపం. రెండు మూడు కలిసి ఒకటి మాత్రం బయటికి పోతే, కథ అక్కడుందన్నమాట.

పిక్‌విక్ పక్కన కూర్చున్న ముగ్గుర్నీ డికెన్స్ పేరుపేరునా చెప్పాడు. ఆడవాళ్లంటే మెత్తబడిపోయే టప్‌మన్, కవినని చెప్పుకునే స్నాడ్‌గ్రాస్, వేటగాణ్ణని చెప్పుకునే వింకిల్. స్నాడ్‌గ్రాస్‌కి కుక్కతోలు కాలరున్న నీలం దుప్పటికోటు, వింకిల్‌కి కొత్త ఆకుపచ్చ వేటకోటు. కొత్త అన్న మాట గమనించండి, పాపం దాని మీద ఇంకా బురద చుక్క పడలేదు. నలుపు తెలుపు ఎచింగ్‌లో నీలమూ ఆకుపచ్చా ఉండవు కదా. అందుకని గీసేవాడు బట్ట బరువుతో తేడా చూపించాలి. దుప్పటికోటుకి పొడుగాటి జారుడు గీతలు పడతాయి, బిగుతు కోటుకి పొట్టివి, ఒంటి గుండ్రం వెంబడి తిరిగేవి. దూరం నుంచి చూస్తే ఒకటి ముద్దలా, ఇంకోటి గొట్టంలా కనిపించాలి. వేషం వేసుకున్నవాళ్లు ఇంకో వేషగాడి మాట వింటున్నారు, అందుకే ఈ సభలో ఎవరూ ఎవర్నీ పట్టించరు. ఇంతకీ పిక్‌విక్ అంత పేరు తెచ్చుకున్న పరిశోధన దేని గురించనుకున్నారు? హాంప్‌స్టెడ్ చెరువుల పుట్టుక గురించి, టిటిల్‌బ్యాట్ అనే వేలెడంత చేప గురించి! తర్వాత బ్లాటన్ అనే సభ్యుడు లేచి పిక్‌విక్‌ని మోసగాడంటాడు, కాసేపటికి ఆ మాట ‘పిక్‌విక్ అర్థంలో’ మాత్రమే అన్నానని సర్దుకుంటాడు. బొమ్మలో ఆ గొడవ ఇంకా రాలేదు. రాబోతోందని చెప్పే బిగుతు మాత్రం ఉంది.

ఇక పని సంగతి. ఎచింగ్ మూడ్‌లో సగం యాసిడ్ చేసేదే. లోహపు రేకు మీద గ్రౌండ్ అనే పూత పూస్తారు. గట్టి గ్రౌండ్‌కి మామూలుగా వాడే పాళ్లు తేనెమైనం రెండు వంతులు, తారు పొడి రెండు, రోజిన్ (పైన్ చెట్టు బంక) ఒకటి. అది ఆరాక సూదితో గీస్తే పూత లేచి లోహం బయటపడుతుంది. రేకుని గీకక్కర్లేదు, పూతని తొలగిస్తే చాలు. అందుకే ఎచింగ్ గీతకి పెన్ను గీతలాంటి చలాకీతనం వస్తుంది. రేకుని యాసిడ్‌లో పెడితే గీసినచోటల్లా లోహాన్ని తింటుంది. ఎంతసేపు ఉంచితే గుంట అంత లోతు, సిరా అంత ఎక్కువ, గీత అంత నలుపు.

అన్ని గీతలకీ ఒకటే లోతు పెడితే బొమ్మ చచ్చిపోతుంది. కాబట్టి విడతలుగా కొరికించాలి. ఉదాహరణకి రాగి రేకు, నైట్రిక్ యాసిడ్ ఒక వంతుకి నీళ్లు మూడు వంతులు అనుకోండి. కలిపేటప్పుడు ఎప్పుడూ నీళ్లలోకే యాసిడ్ పొయ్యాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోస్తే ఎగజిమ్ముతుంది. మొదట రెండు మూడు నిమిషాలు ఉంచి తీసి, కడిగి, ఆరబెట్టి, దూరపు గోడలాంటి లేత గీతల మీద వార్నిష్ రాసి మూసెయ్యాలి. మళ్లీ యాసిడ్‌లో ఇంకో ఐదారు నిమిషాలు, ఈసారి ముఖాలూ నడిమి భాగాలూ మూసెయ్యాలి. చివరికి ముందు మనుషుల కోట్లూ, బల్ల కింద చీకటీ మాత్రమే మిగులుతాయి, వాటికి పావుగంట పైనే పట్టొచ్చు. ఈ నిమిషాలు అందరికీ ఒకటే అనుకోకండి. ఎండాకాలంలో యాసిడ్ వేగం పెరుగుతుంది, కొత్త యాసిడ్‌కీ వాడిన యాసిడ్‌కీ తేడా ఉంటుంది. అందుకే అంచున పనికిరాని చోట నాలుగు గీతలు గీసి ముందు వాటిని కొరికించి చూసుకోవాలి.

నైట్రిక్ పనిచేస్తుంటే గీతల వెంట బుడగలు లేస్తాయి. పక్షి ఈకతో నెమ్మదిగా తుడుస్తూ ఉండాలి. బుడగ అతుక్కున్నచోట యాసిడ్ ఆగిపోయి గీత తెగినట్టు వస్తుంది. అడ్డగీతలు మరీ దగ్గరగా వేస్తే వాటి మధ్య పూత లేచిపోయి అంతా కలిసి ఒక మచ్చయిపోతుంది. చూడటానికి అది నల్లగా ఉండాలి కదా? ఉండదు. వెడల్పాటి గుంటలో సిరా నిలవదు, తుడిచినప్పుడు గుడ్డకే వచ్చేస్తుంది, బూడిదరంగు మరక మిగులుతుంది. పాత బొమ్మల్లో నీడ మధ్యలో ఉన్నట్టుండి పాలిపోయిన చోటు కనిపిస్తే, దానికి గొప్ప అర్థం చెప్పకముందు ఈ అనుమానం పడండి.

పిక్‌విక్ బొమ్మలు రాగి మీద చేసినవి కావు, ఉక్కు మీద చేసినవి. 1820ల నుంచీ ఇంగ్లండ్‌లో పుస్తకాల బొమ్మలకి ఉక్కు రేకులు వచ్చాయి, ఎందుకంటే రాగి మెత్తన. ప్రతి అచ్చుకీ సిరా పూసి, తుడిచి, ప్రెస్సు కింద నొక్కుతుంటే సన్నటి గీతలు ముందు అరిగిపోతాయి. ఉక్కు ఎన్నో రెట్లు ఎక్కువ తట్టుకుంటుంది. కానీ ఉక్కు మీద యాసిడ్ చాలా పలచన చెయ్యాలి, లోతు తేవడం కష్టం, గీత కాస్త సన్నగా, చల్లగా వస్తుంది. ఈ బొమ్మలో సీమోర్ గీతలు వైరులా సన్నగా, తేటగా ఉన్నాయంటే అది అతని చెయ్యి ఒక్కటే కాదు, ఉక్కు కూడా. హాస్యానికి అది కలిసొచ్చింది. ముఖాలు మబ్బులో పడలేదు, ప్రతి ముక్కూ ప్రతి గుండీ విడివిడిగా కనిపిస్తుంది. దాచిపెట్టిందేమీ లేనిచోట భయమూ ఉండదు.

మన వైపు నుంచి ఒక్క మాట చెప్పుకుని ముందుకెళ్దాం. చిత్తూరు జిల్లాలో పుట్టి పారిస్‌లో, న్యూయార్క్‌లో పనిచేసిన కృష్ణారెడ్డి ఇదే లోహపు రేకుని ఎన్నో లోతుల్లో తొలిచి, వేరువేరు చిక్కదనాల సిరాలతో ఒక్క రేకు నుంచే రంగులన్నీ తీశారు. రేకు బొమ్మకి ఆధారం మాత్రమే కాదు, అదీ ఒక శిల్పమే అనే చూపు ఆయనది. మెదక్ ప్రాంతం నుంచి వచ్చిన లక్ష్మాగౌడ్ ఎచింగులు ఎక్కడైనా నేరుగా చూసే అవకాశం వస్తే, పల్లె మనుషుల ఒంటి మీద సన్న గీతలు ఎలా ముదురుతాయో భూతద్దంతో చూడండి. సీమోర్ పనిని చదవడానికి అలవాటైన కన్ను అక్కడా పనికొస్తుంది.

(స్లైడు మారింది.) ఇది రెండో సంచికలోని ‘చావుబతుకుల్లో విదూషకుడు’. మాట్లాడే మనిషి ఇక్కడా ఉన్నాడు. మంచం మీద చిక్కి శల్యమైన నాటకాల విదూషకుడు, జ్వరం కలవరింతలో. పక్కన అతని భార్య, అతని మాట వింటూ కూర్చున్న స్నేహితుడు. ఇక్కడ మనకి అరుదైన ఆధారం ఒకటి దొరికింది. 1836 ఏప్రిల్ మధ్యలో డికెన్స్ సీమోర్‌కి రాసిన ఉత్తరం మిగిలింది. మొదటి డ్రాయింగ్ చూసి అతను అడిగిన మార్పులు ఇవి: ఆ స్త్రీ ఇంకా చిన్న వయసులో కనపడాలి, పక్కనున్న మనిషి కూడా అంతే, అతను అంత దీనంగా ఉండకూడదు, ముఖంలో జాలీ ఆత్రుతా ఇంకా కనపడాలి, రోగి చచ్చిపోయేలా ఉండొచ్చు గానీ చూడగానే అసహ్యం పుట్టకూడదు. గదిలోని సామాను మాత్రం చాలా బాగుందని మెచ్చుకున్నాడు.

ఆ జాబితా ఇంకోసారి మనసులో తిప్పుకోండి. రోగి గురించి అడిగింది ఒక్క మార్పే, అదీ తగ్గించమని. మిగతా బరువంతా చూసేవాళ్ల మీద, వినేవాళ్ల మీద వేశాడు. వినేవాడు కూడా దీనంగా ఉంటే గదిలో ఇద్దరు రోగులవుతారు, మనం ఎవరి వైపు నిలబడాలో తెలీదు. వినేవాడి ముఖంలో ఆత్రుత ఉంటే మనం అతని కళ్లతో మంచం వైపు చూస్తాం. 24 ఏళ్ల రచయిత, బొమ్మలు గీయడం రానివాడు, కూర్పులో అసలు కీలు ఎక్కడుందో పట్టుకున్నాడు. చేయి తిరిగిన చిత్రకారుడికి అలా చెప్పడం మర్యాదేనా అంటే, అది వేరే చర్చ.

ఏప్రిల్ 17న ఇద్దరూ కలిశారు. వాళ్లు కలుసుకుంది ఆ ఒక్కసారే. సీమోర్ ఆ బొమ్మని కొత్తగా గీశాడు. 20వ తేదీన తుపాకీతో ప్రాణం తీసుకున్నాడు. అప్పట్నుంచీ చాలామంది ఈ బొమ్మలో సీమోర్ మరణాన్ని చదువుతూనే ఉన్నారు, ఇది అతని ఆఖరి ఉత్తరమైనట్టు. నేను ఒప్పుకోను. విషయం డికెన్స్ కథలోది, మనుషుల వయసులూ ముఖాలూ డికెన్స్ ఉత్తరం ప్రకారం మార్చినవి. గీసినవాడి జీవితంలో ఏం జరిగిందో తెలిసినకొద్దీ బొమ్మలో దాన్నే వెతకడం మొదలుపెడతాం. ముందు బొమ్మ, తర్వాత ఎవరు ఏం అడిగి మార్పించారన్న లెక్క, ఆ తర్వాతే జీవితం. ఈ వరస తప్పకండి.

సీమోర్ పోయాక మూడో సంచికకి రాబర్ట్ బస్ అనే చిత్రకారుణ్ణి పెట్టారు. మంచి పెయింటరే, కానీ ఎచింగ్ ఎప్పుడూ చెయ్యలేదు. సాధన చేస్తే సూది కింద గ్రౌండ్ పెచ్చులూడింది. పూత మందమైనా, ఎక్కువ కాల్చి పెళుసైనా అలాగే అవుతుంది. గడువు దగ్గరపడి, తన డ్రాయింగుల్ని అనుభవమున్న ఒక ఎన్‌గ్రేవరు (లోహపు రేకులు చెక్కే పనివాడు) చేత రేకు మీద గీయించి, కొరికించాడు. గీతలు శుభ్రంగా వచ్చాయి, బొమ్మల్లో ప్రాణం లేదు. మరొకడి గీత మీద నడిచే చెయ్యి అంచులు సరిగ్గానే పట్టుకుంటుంది, ఎక్కడ తేలిపోవాలో ఎక్కడ నొక్కాలో దానికి తెలీదు. క్రికెట్ ఆట, పూలపందిరి, ఈ రెండు బొమ్మల్నీ తర్వాత ముద్రణల్లోంచి తీసేశారు. సంభాషణ బొమ్మకి ఇలాంటి బిగుసుకున్న గీత ప్రాణాంతకం. క్రికెట్ ఆటగాడు కదలకపోయినా ఆట అర్థమవుతుంది. వినేవాడి కనుబొమ కదలకపోతే ఏమీ మిగలదు.

ఆ ఖాళీకి వస్తానని థాకరే కూడా అడిగాడు, తర్వాత పెద్ద నవలాకారుడైన థాకరేనే. ఇవ్వలేదు. దొరికింది హాబ్లో నైట్ బ్రౌన్‌కి. ఇరవై దాటీ దాటని కుర్రాడు, ఫిండెన్ అనే ఎన్‌గ్రేవరు దగ్గర పని నేర్చుకున్నవాడు. మొదటి రెండు బొమ్మల మీద ‘నీమో’ అని, తర్వాతవాటి మీద ‘ఫిజ్’ అని సంతకం పెట్టాడు. కొరికించే పని మిత్రుడు రాబర్ట్ యంగ్‌కి అప్పగించేవాడు. ఫిజ్‌కి యంగ్ పనికొచ్చినట్టు బస్‌కి ఆ ఎన్‌గ్రేవరు ఎందుకు పనికిరాలేదంటే, ఫిజ్ సూది తన చేతిలోనే ఉంచుకున్నాడు. యాసిడ్ ఒక్కటే వదిలాడు.

(స్లైడు మారింది.) తర్వాత పిక్‌విక్‌కి నౌకరయ్యే సామ్ వెల్లర్ మొదటిసారి కనిపించే బొమ్మ ఇదే. లండన్‌లోని వైట్ హార్ట్ సత్రం పెరడు. సామ్ బూట్లు తుడుస్తున్నాడు, ఎదురుగా ముగ్గురు పెద్దమనుషులు: పిక్‌విక్, వార్డిల్, పొట్టి లాయరు పెర్కర్. మాట అడుగుతున్నది లాయరు. సీమోర్ బొమ్మలో ఒకడు పైన, పదిమంది కింద. ఇక్కడ అందరూ నేల మీదే, ఒక పక్క ముగ్గురు, ఇంకో పక్క ఒక్కడు. లెక్కప్రకారం తూకం ముగ్గురి వైపు పోవాలి, పోదు. కారణం, సామ్ చేతికి పనుంది, వాళ్ల చేతులకి లేదు. పని చేస్తూ సమాధానం చెప్పేవాడికి తొందర లేదు, ప్రశ్నలడిగేవాళ్లకే తొందర. చేతిలో బూటు ఉండటం వల్ల అతనికి ఒక లంగరు దొరికింది. ఈ నౌకరు మిగతా ముగ్గురికన్నా తెలివైనవాడని మాటల్లో చదవకముందే బొమ్మ చెప్పేసింది. సంచిక అమ్మకాలు పుంజుకుంది కూడా సామ్ వచ్చాకే. మొదటి భాగానికి నాలుగొందల ప్రతులు కుట్టించినవాళ్లు చివరికి నలభై వేల దాకా వెళ్లారు.

అన్ని ప్రతులకి ఉక్కు కూడా ఆగలేదు. ఒకే బొమ్మని రెండేసి రేకుల మీద గీయాల్సి వచ్చింది, సీమోర్ రేకులు అరిగిపోతే వాటినీ ఫిజ్ మళ్లీ గీశాడు. అందుకే మీరు పాత పుస్తకంలోనో స్కాన్‌లోనో చూసే పిక్‌విక్ ఉపన్యాసం సీమోర్‌ది కాక ఫిజ్ నకలు అయ్యే అవకాశం బాగా ఉంది. మొత్తం 43 బొమ్మల్లో ఏడు సీమోర్ కూర్పులు, బస్ బొమ్మల బదులు గీసినవి కలుపుకుని 36 ఫిజ్‌వి. రెండు ప్రతులు దొరికితే పక్కపక్కన పెట్టి వినేవాళ్ల ముఖాలు మాత్రం పోల్చండి. కూర్పు ఒకటే అయినా ఫిజ్ చేతిలో ముఖాలు ఎలా మారాయో అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత ఏళ్లలో ఫిజ్ రూలింగ్ మెషీన్‌తో గ్రౌండ్ మీద సన్నటి సమాంతర గీతలు లాగి, వాటిని విడతలుగా మూసి కొరికించి, పొగమంచులాంటి చీకటి తెచ్చాడు. డికెన్స్ నవల ‘బ్లీక్ హౌస్’లోని నల్ల బొమ్మలు పది అవే. చాలావాటిలో మనుషులు చిన్నవాళ్లైపోతారు, కొన్నిట్లో ఉండనే ఉండరు. సంభాషణకి ఆ చీకటి పనికిరాలేదని నా అభిప్రాయం.

ఇంకొక్క బొమ్మ చూపించి ఆపుతాను. జార్జ్ క్రూక్‌షాంక్ డికెన్స్ నవల ‘ఆలివర్ ట్విస్ట్’ కోసం చేసింది, దొంగల ముఠా నాయకుడు ఫాగిన్, లండన్‌కి పారిపోయి వచ్చిన కుర్రాడు నోవా క్లేపోల్ సత్రంలో కలుసుకునే ఘట్టం. ఫాగిన్ ముక్కు పక్కన వేలు పెట్టి మనకి మనకి తెలుసులే అన్నట్టు సైగ చేస్తే నోవా కూడా అదే సైగ చెయ్యబోతాడు. ఇద్దరి చేతులూ అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి. మాట లేకుండానే బేరం కుదిరింది. పక్కన నోవాతో వచ్చిన షార్లెట్ చూస్తోంది, ఆమెని తీసేస్తే అది రహస్యం అవుతుంది, ఆమె ఉండబట్టి అది ప్రదర్శన అయింది. అయితే ఫాగిన్ ముక్కు దగ్గర ఇంకో సంగతి కూడా నడుస్తోంది. యూదుల మీద అప్పటి వ్యంగ్యచిత్రాల్లో వాడి వాడి అరిగిన అచ్చు అది. సైగని కూర్పుగా చదువుతూ ఆ అచ్చుని చూడనట్టు వదిలేస్తే చదవడం సగమే అయింది. 1863లో ఒక యూదు స్త్రీ అభ్యంతరం చెబుతూ ఉత్తరం రాశాక, 1867 ముద్రణలో డికెన్స్ ఫాగిన్‌ని ‘యూదుడు’ అనే చోట్లు చాలావరకు తీసేశాడు. రేకు మీద గీత మాత్రం అలాగే ఉండిపోయింది.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: పాత పుస్తకాల అంగట్లో ఇలాంటి బొమ్మ దొరికితే ఎచింగా, ఫోటో అచ్చా ఎలా తెలుసుకోవాలి?)

పదింతలు పెద్దగా చూపే భూతద్దం కొనుక్కోండి, ఖరీదేం కాదు. చుక్కచుక్కలుగా కనిపిస్తే అది హాఫ్‌టోన్ అనే ఫోటో అచ్చు, వదిలెయ్యండి. గీత నిండుగా ఉంటే కాగితాన్ని పక్కనుంచి వెలుగు పడేలా వంచి పట్టుకోండి. ఎచింగ్‌లో సిరా కాగితం మీద రవ్వంత ఉబ్బెత్తుగా నిలబడుతుంది, వేలి గోరు మెల్లగా జార్చితే తెలుస్తుంది, మరీ నొక్కకండి. గీత చివర్లు చూడండి: మొద్దుగా ఆగితే ఎచింగ్, సూదిమొనలా సన్నబడి ఆగితే ఉలితో చెక్కిన ఎన్‌గ్రేవింగ్. బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కుకున్న గుంట కూడా ఉండాలి, కానీ పుస్తకంలో కుట్టినప్పుడు అంచులు కోసేసి ఉంటే అది పోయి ఉండొచ్చు. కాబట్టి గుంట లేదని పారెయ్యకండి, గుంట ఉంది కదా అని నమ్మెయ్యకండి. ఫోటో అచ్చుకి కూడా గుంట నొక్కి అమ్మేవాళ్లున్నారు.

(ప్రశ్న: మనుషులు కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో చూసి ఏమైనా చెప్పొచ్చా?)

మంచి ప్రశ్న. రేకు మీద గీసింది కాగితం మీద అద్దంలోలా తిరగబడుతుంది. గీసేవాడు ముందు కాగితం మీద డ్రాయింగ్ వేసి, దాన్ని గ్రౌండ్ మీదికి తిరగేసి దింపుకుంటే అచ్చులో మళ్లీ సరిగ్గా వస్తుంది. నేరుగా రేకు మీద గీస్తే తిరగబడిపోతుంది. ముందు కోటు గుండీలు చూడండి. మగవాళ్ల కోట్లలో ఎడమ అంచు పైకి వస్తుంది. అది తిరగబడి ఉంటే బొమ్మంతా తిరగబడిందన్నమాట, అప్పుడు ఎడమచేతి వాటం గురించి ఏ వ్యాఖ్యానమూ చెయ్యకండి.